ఒంటె మూపురములో నీరున్నదా? — ‘ఎడారి జంతువులు’ గ్రంథ విమర్శ

ఒంటె మూపురములో ఏమున్నదని తరగతిలో అడిగినచో చిన్న పిల్లలు ఒక్క గొంతుతో ‘నీళ్ళు’ అందురు. పై తరగతుల పిల్లలు కొంచెము ఆలోచించి, ‘క్రొవ్వు ఉన్నది, అది కరగి నీరగును’ అందురు. మొదటి జవాబు తప్పని ఉపాధ్యాయులకు తెలియును. రెండవ జవాబు ఒప్పని మాత్రము మనలో చాలమంది నమ్ముదుము. నేనును చాల ఏండ్లు అట్లే నమ్మి అట్లే పాఠము చెప్పితిని. ఆ నమ్మకమును పోగొట్టిన ఒక పుస్తకమును గూర్చి, అందలి గొప్పతనమును గూర్చియు, లోపములను గూర్చియు ఈ వ్యాసమున ముచ్చటింపదలచితిని.

క్నూట్ ష్మిట్-నీల్సన్ రచించిన ‘ఎడారి జంతువులు’ అను ఆంగ్ల గ్రంథము 1964లో ఆక్స్‌ఫర్డులో ప్రకటింపబడినది. వేడివలనను, నీటి కరవువలనను జంతువుల శరీరములకు కలుగు చిక్కులు అందలి విషయము. అరువదేండ్లు దాటిన పుస్తకమును ఇప్పుడు విమర్శించుట ఏల అని పాఠకులు అడుగవచ్చును. విజ్ఞానశాస్త్ర గ్రంథములు త్వరగా ముసలివగుట నిజమే. కాని ఈ గ్రంథమున రెండు విషయములున్నవి. ఒకటి, ఆనాటికి కనుగొన్న సంగతులు. రెండవది, వానిని కనుగొన్న పద్ధతి. సంగతులలో కొన్ని పాతబడినవి. పద్ధతి పాతబడలేదు. మన తరగతి గదులకు ఇంకను సరిగా చేరనిది ఆ పద్ధతియే. అది చేరకపోవుట కేవలము పరీక్షలో ఒక మార్కు పోవుటవంటి నష్టము కాదని, ప్రాణములతో సంబంధించిన నష్టమని ముందు చూపగలను.

గ్రంథకర్త, అతని పద్ధతి

ష్మిట్-నీల్సన్ 1915లో నార్వే దేశములోని ట్రాండ్‌హైమ్ పట్టణమున జన్మించెను. కోపెన్‌హేగెన్‌లో ఆగస్ట్ క్రోగ్ అను మహాశాస్త్రజ్ఞుని వద్ద పని నేర్చెను. క్రోగ్ 1920లో నోబెల్ బహుమానము పొందినవాడు. ఆయన కుమార్తె బోడిల్‌ను ష్మిట్-నీల్సన్ వివాహమాడెను. ఆమెయు పేరు పొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప దంపతులు అమెరికాకు పోయి, ఆరిజోనా ఎడారిలో నీరు త్రాగకయే బ్రతుకు ఎలుకలను పరిశీలించిరి. 1953-54లో సహారా ఎడారికి పోయి, అల్జీరియా దేశములోని బెనీ అబ్బెస్ అను ఒయాసిస్సున విడిసి, ఒంటెలను పరీక్షించిరి. ష్మిట్-నీల్సన్ 1952 నుండి అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడుగా నుండి, 2007లో మరణించెను.

అతని పద్ధతిని ఒక్క మాటలో చెప్పవలెనన్న, అది జమాఖర్చుల పద్ధతి. సంసారము నడుపు గృహస్థు నెలకు ఎంత వచ్చినది, ఎంత పోయినది అని చిట్టా వ్రాసికొనును. వచ్చినదానికన్న పోయినది ఎక్కువయైనచో అప్పు తప్పదు. ప్రాణియు అట్టిదే. దాని శరీరములోనికి నీరు మూడు దారుల వచ్చును: త్రాగిన నీరు, తినిన మేతలో నున్న నీరు, మేతలోని పదార్థములు శరీరములో ఆమ్లజనితో కలిసి మండినపుడు పుట్టు నీరు. మూడు దారులనే పోవును: మూత్రము, పేడ, చర్మమునుండియు ఊపిరితిత్తులనుండియు పోవు ఆవిరి. ఎంత చిత్రమైన ప్రాణియైనను ఈ లెక్క నుండి తప్పించుకొనలేదు. ‘ప్రకృతి దీనికి అద్భుతమైన శక్తి నిచ్చినది’ అని మనము చెప్పినపుడెల్ల ఈ గ్రంథకర్త ‘ఎన్ని గ్రాములు?’ అని అడుగును. పుస్తకము ప్రాణమంతయు ఆ ప్రశ్నలోనే యున్నది.

ఒంటె కథ

ఒంటెను గూర్చి రెండు కథలు ప్రచారములో నున్నవి. దాని కడుపులోని సంచులలో నీరు నిలువయుండునని ఒకటి. మూపురములోని క్రొవ్వు నీరగునని మరియొకటి.

మొదటి కథను పరీక్షించుట సులభము. నెమరువేయు జంతువు కడుపులో ద్రవము ఉండుట సహజము. ఒంటె కడుపులోను ఉన్నది. కాని అది మేతతో కలిసియున్న జీర్ణద్రవము. మంచినీటి తొట్టి కాదు. అందు లవణములున్నవి. ఇతర నెమరువేయు జంతువులలోకన్న అది ప్రత్యేకముగా ఎక్కువయు కాదు.

రెండవ కథలో కొంత నిజమున్నది గనుక అదియే ఎక్కువ మోసపుచ్చునది. ఒక గ్రాము క్రొవ్వు పూర్తిగా మండినచో ఒక గ్రాముకన్న కొంచెము ఎక్కువగా, అనగా సుమారు 1.07 గ్రాముల నీరు పుట్టును. అట్లయిన మూపురములో నలువది కిలోల క్రొవ్వున్న ఒంటె నలువది లీటర్లకు పైగా నీటిని మోయుచున్నట్లే గదా అని మనము సంతోషింతుము. గ్రంథకర్త ఇచ్చట రెండు ప్రశ్నలు వేయుచున్నాడు.

ఒకటి: ఆ క్రొవ్వు మండుటకు ఆమ్లజని కావలెను గదా, అది ఎచ్చటి నుండి వచ్చును? ఒక గ్రాము క్రొవ్వునకు సుమారు రెండు లీటర్ల ఆమ్లజని కావలెను. దాని కొరకు ఒంటె ఎండిన ఎడారి గాలిని పీల్చి విడువవలెను. విడిచిన గాలితో పాటు ఊపిరితిత్తుల తేమ బయటికి పోవును. లెక్కవేసి చూడగా, ఈ విధముగా పోవు నీరు క్రొవ్వునుండి పుట్టిన నీటికన్న ఎక్కువయని తేలినది. జమకన్న ఖర్చు ఎక్కువ!

రెండు: ఒంటె శరీరమునకు కావలసినది శక్తి. దానికి వేయి కిలో కేలరీల శక్తి కావలెననుకొందము. క్రొవ్వునుండి తీసికొన్నచో సుమారు 106 గ్రాములు మండవలెను. దానివలన 114 గ్రాముల నీరు పుట్టును. అదే శక్తిని పిండిపదార్థమునుండి తీసికొన్నచో సుమారు 238 గ్రాములు మండవలెను. 133 గ్రాముల నీరు పుట్టును. అనగా నీటి కొరకే అయినచో ఒంటె పిండిని మూటగట్టుకొనవలసినది గాని క్రొవ్వును కాదు. మూపురము ఆహారపు గాదె. నీటి కుండ కాదు.

కథలు రెండును కూలిన పిమ్మట అసలు సంగతి ఏమి? ఇచ్చటనే పుస్తకము మిక్కిలి రసవంతముగా నున్నది. ఒంటె నీటిని దాచుకొనుట లేదు, ఖర్చును తగ్గించుకొనుచున్నది.

నీరు సమృద్ధిగా దొరకిన ఒంటె శరీరోష్ణోగ్రత రోజు మొత్తముమీద రెండు డిగ్రీల సెంటిగ్రేడు కన్న ఎక్కువగా మారదు. నీరు దొరకని ఒంటె సంగతి వేరు. తెల్లవారుజామున దాని ఉష్ణోగ్రత 34 డిగ్రీలకు దిగును. మధ్యాహ్నము తరువాత దాదాపు 41 డిగ్రీలకు ఎక్కును. మనిషియైనచో అది ప్రమాదకరమైన జ్వరము. ఒంటెకు అది పొదుపు. 500 కిలోల ఒంటె శరీరము 6 డిగ్రీలు వేడెక్కుటకు సుమారు 2,500 కిలో కేలరీల వేడి పట్టును. ఆ వేడిని చెమటద్వారా పోగొట్టవలెనన్న, లీటరు ఒక్కింటికి 580 కిలో కేలరీల చొప్పున, నాలుగు లీటర్లకు పైగా నీరు ఆవిరి కావలసియుండును. ఒంటె ఆ వేడిని పగలెల్ల శరీరములోనే ఉంచుకొని, రాత్రి చల్లని ఆకాశమునకు నీటి ఖర్చు లేకుండ విడిచివేయును. పైగా శరీరము వేడిగా నున్నకొలది బయటి గాలికిని శరీరమునకును గల తేడా తగ్గి, లోపలికి వచ్చు వేడియు తగ్గును.

వీపుమీది దట్టమైన బొచ్చు ఎండను అడ్డగించును. బొచ్చు గొరిగి చూడగా ఒంటె నుండి ఆవిరియగు నీరు సుమారు సగమంత పెరిగినది. వేసవిలో బొచ్చు బరువని మనమనుకొందుము. ఒంటెకు అది గొడుగు. ఇక నష్టమును ఓర్చుకొనుట. శరీరపు బరువులో నాలుగవ వంతు నీరు పోయినను ఒంటె నిలుచును. ఆ నష్టములో రక్తరసమునకు వచ్చు వంతు మిక్కిలి కొద్ది. రక్తము చిక్కబడనందున గుండె తన పని తాను చేయగలదు. పిదప నీరు దొరకినచో పది నిమిషములలో నూరు లీటర్లకు పైగా త్రాగి, ఉన్న లోటును పూడ్చుకొనును. ఆ నీరు రేపటికి నిలువ కాదు, నిన్నటి అప్పు తీర్చుట.

గాడిదతో పోలిక మరియు చక్కనిది. గాడిదయు ఒంటెవలెనే గొప్ప నష్టమును ఓర్చుకొనగలదు. త్రాగుటలో ఒంటెకన్న చురుకైనది. కాని ఉష్ణోగ్రతను అంతగా మారనీయదు, బొచ్చు పలుచన. కావున నీరు చాల వేగముగా ఖర్చగును. కొలది దినములలోనే నీటి రేవునకు రావలెను. ఓర్పు సమానమైనను పొదుపు సమానము కానందున ఒకటి సహారాను దాటగలిగినది, మరియొకటి దాటలేకపోయినది.

ఎలుక చిట్టా

ఆరిజోనా ఎడారిలోని కంగారు ఎలుక వెనుక కాళ్ళమీద గంతులు వేయునది గనుక ఆ పేరు వచ్చినది. కంగారుతో చుట్టరికమేమియు లేదు. ఎండు గింజలు తిని, జీవితమంతయు నీరు త్రాగకయే బ్రతుకగలదు. ఇంతకన్న మహిమ మరి కావలెనా? గ్రంథకర్త దాని చిట్టాను మన ముందు పెట్టుచున్నాడు. 25 డిగ్రీల వేడిలో, 20 శాతము సాపేక్ష ఆర్ద్రతలో, 100 గ్రాముల బార్లీ గింజలు తినునంత కాలమునకు లెక్క ఇది:

జమ: గింజలలోని పదార్థములు మండగా పుట్టిన నీరు 54 గ్రాములు, గింజలలో నుండిన తేమ 6 గ్రాములు, మొత్తము 60 గ్రాములు.

ఖర్చు: మూత్రము 13.5 గ్రాములు, పేడ 2.6 గ్రాములు, ఆవిరి 43.9 గ్రాములు; మొత్తము 60 గ్రాములు.

లెక్క సరిపోయినది. ఇందు మహిమ ఏమియు లేదు. ప్రతి పద్దులోను గట్టి పొదుపున్నది. మూత్రపిండములు మనిషి మూత్రపిండములకన్న సుమారు నాలుగు రెట్లు చిక్కని మూత్రమును తయారుచేయును. వీనిచేత సముద్రపు నీరు త్రాగించి చూడగా అవి బ్రతికినవి. మనిషి సముద్రపు నీరు త్రాగినచో దాహము పెరుగుటయే గాని తీరదు. ముక్కు దారి సన్నగానుండి, బయటికి వచ్చు ఊపిరిని చల్లబరచి, అందలి తేమను కొంత లోపలనే నిలుపును.

నాకు మిక్కిలి నచ్చినది ఆ తరువాతి మాట. గాలిలో ఆర్ద్రత సుమారు 10 శాతముకన్న తగ్గినచో ఈ లెక్క తప్పును. ఎలుకకును నీరు చాలదు. అనగా దాని శక్తికి ఒక గట్టు ఉన్నది. విద్యార్థికి నేర్పవలసినది ‘కంగారు ఎలుక నీరు త్రాగదు’ అను వాక్యము కాదు. ఏ పరిస్థితులలో త్రాగకయే గడుపగలదు, ఏ పరిస్థితులలో గడుపలేదు అను వివేకము.

మనిషి అధ్యాయము

పుస్తకమున మనిషిని గూర్చిన భాగమును చాలమంది చదువక దాటివేయుదురేమో. మన దేశమున అన్నిటికన్న ముందు చదువవలసినది అదియే.

బయటి గాలి శరీరముకన్న వేడిగానున్నపుడు మనిషికి చెమట యొక్కటే దిక్కు. ఎండలో పనిచేయువానికి గంటకొక లీటరు చెమట పట్టుట అరుదు కాదు. 60 కిలోల మనిషికి బరువులో పదవ వంతు నీరు పోయినచో, అనగా ఆరు లీటర్లు పోయినచో, కాలు తడబడును, తెలివి తప్పును. కావున గంటకు లీటరు చొప్పున నీరు లేక ఆరు గంటలు ఎండలో నిలిచినవాడు మృత్యువు గుమ్మమున నిలిచినట్లే. మనిషిలో నీటి నష్టము రక్తరసమును ముందుగా తాకును. రక్తము చిక్కబడి, లోపలి వేడిని చర్మమునకు మోసికొని రాలేదు. శరీరోష్ణోగ్రత ఒక్కసారిగా పైకెగయును. వడదెబ్బ అని మనము చెప్పునది ఇట్లు వచ్చును.

ఈ సందర్భమున గ్రంథకర్త తనకు పూర్వుల పరిశోధనలను ఆధారముగా గైకొనెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున రోచెస్టర్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడాల్ఫ్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును కాలిఫోర్నియా ఎడారిలో సైనికులను పరిశీలించి 1947లో ఒక గ్రంథము ప్రకటించిరి. నీరు తక్కువగా త్రాగుటను అలవాటు చేసినచో సైనికులు రాటుతేలుదురను నమ్మకము ఆ కాలమున నుండెను. పరీక్షించి చూడగా అది తప్పని తేలినది. నీరు తగ్గించినందున చెమట తగ్గలేదు. మనిషి ముందుగా కూలబడెను, అంతే. మరియొక సంగతి: ఎండకు అలవాటుపడిన శరీరము త్వరగాను, ఎక్కువగాను చెమట పట్టును. అందువలననే అది వేడికి తాళగలదు. కావున అలవాటుపడినవానికి నీరు ఎక్కువ కావలెను గాని తక్కువ కాదు. వేరొక చిక్కును ఉన్నది. నీరు ఎదుట నున్నను మనిషి పోయినంత నీరు త్రాగడు. దాహము ముందే తీరినట్లు తోచును. భోజనముతో పాటు త్రాగినపుడే ఆ లోటు పూడును.

ఈ మూడు సంగతులును మన ఆటస్థలములకును, పొలములకును, రోడ్డు పనులకును నేరుగా వర్తించును. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. ఎండలో పనిచేయువారును, వృద్ధులును అందు ఎక్కువ. ‘మావాడు ఎండకు అలవాటుపడినవాడు, నీళ్ళు లేకున్నను తట్టుకొనును’ అను మాట మనము వినని వేసవి లేదు. ఆటల పోటీలో దాహమన్న పిల్లవానిని ‘ఓర్చుకో, ఒంటెను చూడు’ అని మందలించుటయు కలదు. ఒంటె కథను లెక్క లేక చెప్పుటవలన వచ్చు ప్రమాదమిదియే. ఒంటెను మహిమగల జంతువుగా చూపి, ఓర్పుతో ఆ మహిమ మనిషికిని వచ్చునని సూచించుచున్నాము. మనిషికి ఒంటె బొచ్చు లేదు, ఒంటె రక్తము లేదు. ఏడు డిగ్రీల జ్వరమును భరించు శరీరము లేదు. అభ్యాసముతో వచ్చునవి కావు అవి.

కోస్తా జిల్లాల ఉపాధ్యాయులకు మరియొక మాట. ఒంటె ఉపాయము పారుటకు రాత్రి చల్లగానుండవలెను. చెమట ఉపాయము పారుటకు గాలి పొడిగానుండవలెను. చర్మముమీద ఆవిరియైన చెమటయే చల్లదనమిచ్చును. కారిపోయిన చెమట వట్టి నష్టము. సముద్రతీరమున వేసవి రాత్రులు ఉక్కపోత. గాలి నిండ తేమ. కావున పొడి గాలిలో ఓర్చుకొనగల వేడిని తేమ గాలిలో ఓర్చుకొనలేము. ఉష్ణోగ్రత అంకె నొక్కదానినే చూచి నిబ్బరముగా నుండరాదు.

గ్రంథములోని లోపములు

ఇంత మెచ్చుకొన్న పిదప లోపములను చెప్పకుండుట న్యాయము కాదు.

మొదటిది, పరీక్షింపబడిన జంతువులు కొద్ది. బెనీ అబ్బెస్‌లోని ఒంటెలు పెంపుడువి, కట్టివేసి ఉంచినవి. ఒంటరిగా తూచిన ఒంటెకును, మేత వెదకుచు తిరుగు ఒంటెకును తేడా ఉండవచ్చును. పుస్తకము చదువునపుడు ‘ఒంటె’ అను జాతి మొత్తమును గూర్చి చదువుచున్నట్లు తోచును. నిజమునకు మనము చదువునది కొలది ఒంటెల చరిత్ర.

రెండవది, కంగారు ఎలుక బొరియ. పగలు బొరియలో చల్లగానుండునని, రాత్రి మాత్రమే బయటికి వచ్చునని, అందువలన ఎండ సమస్యయే దానికి లేదని గ్రంథకర్త చెప్పెను. ఆ మాట పాఠ్యగ్రంథముల కెక్కి స్థిరపడెను. కాని ట్రేసీ, వాల్స్‌బర్గ్ అను పరిశోధకులు సొనోరా ఎడారిలో ఆ ఎలుకలను స్వేచ్ఛగా తిరుగనిచ్చి పరిశీలించి, 2002లో ఈ ప్రసిద్ధ ఉదాహరణను తిరిగి విమర్శించిరి. వేసవిలో బొరియలు అనుకొన్నంత చల్లగా లేవు. 30 డిగ్రీలకు పైబడిన వేడిలోనే ఎలుకలు పగలు గడుపుచున్నవి. అనగా చిట్టాలోని లెక్క 25 డిగ్రీల గదికి సరియైనది. వేసవి బొరియకు వేరే లెక్క కావలెను. ఇది ష్మిట్-నీల్సన్ పద్ధతికి ఓటమి కాదు. ఆయన ప్రశ్ననే, ‘ఎన్ని డిగ్రీలు?’ అని, ఆయన మాటకే వేసినారు.

మూడవది, ఒంటె ముక్కు. 1964 గ్రంథమునకు ఈ సంగతి తెలియదు. ష్మిట్-నీల్సన్ స్వయముగా ఇద్దరు సహచరులతో కలిసి 1981లో ప్రకటించిన పరిశోధనలో, నీరు తగ్గిన ఒంటె రాత్రివేళ విడుచు ఊపిరి చల్లగానుండుటయే గాక, పూర్తిగా తేమతో నిండియుండదని కనుగొనెను. లోపలి ముక్కు పొరలు తేమను తిరిగి పీల్చుకొనుచున్నవి. తన లెక్కలోని ఒక పద్దును పదునేడేండ్ల పిదప తానే సరిదిద్దుకొనిన శాస్త్రజ్ఞుడు ఉపాధ్యాయులకు మంచి ఆదర్శము.

నాలుగవది పెద్దది. ఇందు వెన్నెముక గల జంతువులే యున్నవి. చీమలు, తేళ్ళు, మిడుతలు కనబడవు. మొక్కల ప్రసక్తి లేదు. పేరు ‘ఎడారి జంతువులు’ గనుక మొక్కలు లేవని తప్పు పట్టుట సరికాదేమో. కాని ఉపాధ్యాయునికి రెండును ఒకే పాఠమున వచ్చును. జంతువు నీడకు పోగలదు, బొరియ త్రవ్వగలదు. మొక్క మొలచిన చోటనే ఎండలో నిలువవలెను. కావున జమాఖర్చుల పద్ధతికి అసలైన పరీక్ష మొక్కయే.

మొక్కకును అదే లెక్క

మొక్క ఆకులోని పత్రరంధ్రములు తెరచినచో బొగ్గుపులుసు గాలి లోపలికి వచ్చును, నీటి ఆవిరి బయటికి పోవును. మూసినచో నీరు మిగులును, ఆహారము తయారుకాదు. ఒక గ్రాము పొడి పదార్థమును కూర్చుకొనుటకు సామాన్యపు పైరులు కొన్ని వందల గ్రాముల నీటిని వదలుకొనుచున్నవి. ఆకలి, దాహము అను రెంటికిని ఒక్కటే తలుపు. ఈ చిక్కును కొన్ని మొక్కలు విప్పిన తీరు మన తెలుగునాటితో కొంచెము సంబంధము గలది.

బెంజమిన్ హేన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1793 నుండి కొంతకాలము సామర్లకోటలో కంపెనీవారి మిరియాల, దాల్చినచెక్క తోటలను చూచెను. ఆయన రణపాల ఆకును వేర్వేరు వేళల రుచి చూచి, ఉదయమున పుల్లగాను, మధ్యాహ్నమున చప్పగాను ఉన్నదని గుర్తించెను. ఆ సంగతి 1815లో లండన్‌లోని లిన్నేయన్ సంఘమువారి సంపుటములలో అచ్చయ్యెను. దాని అర్థము చాలకాలమునకు గాని తెలియలేదు. రణపాల పగలు పత్రరంధ్రములను మూసికొని, రాత్రి చల్లనివేళ తెరచును. రాత్రి చేర్చిన బొగ్గుపులుసు గాలిని మాలిక్ ఆమ్లముగా మార్చి దాచును. అందువలన తెల్లవారునప్పటికి ఆకు పుల్లనగును. పగలు తలుపు మూసియే, ఆ ఆమ్లమునుండి గాలిని విడదీసి, వెలుగు సహాయమున ఆహారము చేసికొనును; అందువలన పులుపు తగ్గును. బ్రహ్మజెముడును ఇట్లే చేయును.

ఇందును మహిమ లేదు, ధర ఉన్నది. రాత్రి దాచగల ఆమ్లము ఆకులో పట్టినంతే గనుక ఇట్టి మొక్కలు సాధారణముగా మెల్లగా పెరుగును. నీరు మిగిలెను, ఎదుగుదల తగ్గెను. ఎండిన చోట అది లాభము. నీరు పారు పొలమున నష్టము. ఏ అనుకూలనమునైనను ‘దీనికి ధర ఏమి?’ అని అడుగకుండ పాఠము ముగింపరాదు.

ఈ పరీక్షను పాఠశాలలో చేయవచ్చును. రుచి చూడనక్కరలేదు, చూడరాదు కూడ. ఆ ఆకులో విషపదార్థములున్నవి. ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి సమాన బరువుగల ఆకులను నూరి, నీటిలో కలిపి వడగట్టి, ఫినాఫ్తలీను రెండు చుక్కలు వేసి, పలుచని సోడియం హైడ్రాక్సైడు ద్రావణమును చుక్కచుక్కగా కలుపవలెను. గులాబి రంగు వచ్చుటకు ఉదయపు రసమునకు ఎక్కువ చుక్కలు పట్టును. పిల్లలు చుక్కలు లెక్కపెట్టి పుస్తకములో వ్రాసికొన్ననాడు, జీవశాస్త్రము కథలనుండి లెక్కకు వచ్చినట్లు.

‘కొరకు’ అను మాట

చివరకు భాషను గూర్చి ఒక మాట. ‘ఎడారిలో బ్రతుకుట కొరకు ఒంటె బొచ్చు పెంచుకొన్నది’ అని మనము వ్రాయుదుము. ఒంటె ఏదియు సంకల్పించి పెంచుకొనలేదు. తరతరములుగా లెక్క సరిపోయినవి మిగిలినవి, సరిపోనివి అంతరించినవి. ష్మిట్-నీల్సన్ ఈ విషయమున జాగరూకుడే గాని, సమస్య, పరిష్కారము అను మాటలు ఆయన పుస్తకమంతట నుండుటచే, ప్రతి జంతువు ఒక పరీక్షాపత్రమునకు జవాబు వ్రాసి నూటికి నూరు తెచ్చుకొన్నట్లు తోచును. నిజమునకు ప్రకృతిలో ముప్పదియైదు మార్కులతో గట్టెక్కినవారే ఎక్కువ. దప్పిగొన్న ఒంటె మేత తగ్గించి చిక్కిపోవును. అది విజయము కాదు, వాయిదా.

ఈ గ్రంథము ఉన్నత పాఠశాల విద్యార్థులకు నేరుగా ఇయ్యదగినది కాదు. అంకెలు, ఆధారములు నిండియున్నవి. ఉపాధ్యాయుడు చదివి, ఒంటె, ఎలుక, మనిషి అను మూడు భాగములను తన మాటలలో చెప్పవలెను. చెప్పునపుడు పాతబడిన పద్దులను పైన సూచించినట్లు సరిదిద్దవలెను. ఇట్టి పుస్తకము, మొక్కలను పురుగులను కూడ కలుపుకొని, మన మెట్టభూముల ఉదాహరణలతో తెలుగున రావలసియున్నది.

అంతవరకు, ఒంటె మూపురములో ఏమున్నదని అడిగినపుడు పిల్లలు ‘నీళ్ళు’ అన్నచో కోపింపవలదు. ‘ఎన్ని లీటర్లు? ఎచ్చటి నుండి వచ్చినవి? ఎచ్చటికి పోవును?’ అని అడిగి, నల్లబల్లమీద రెండు గళ్ళు గీసి, ఒకదానిలో జమ, మరియొకదానిలో ఖర్చు వ్రాయింపవలెను. మూడవ గడిలో తమ సొంత చిట్టాను వ్రాయింపవలెను: ఎండలో గంటసేపు ఆడినపుడు ఎంత చెమట పోయినది, ఎంత నీరు త్రాగితిమి. ఆ గడి నింపిన పిల్లవాడు వేసవిలో దాహమునకు సిగ్గుపడడు. వాని తోటివానికి దాహమైనచో చెంబెడు నీరు అందించును.